అక్క నాటిన సముద్రపు గడ్డి

బావగారి ఫోన్ వచ్చినప్పుడు నేను జర్మనీలో, బ్యోబ్లింగెన్ ఆఫీసులో మీటింగులో ఉన్నాను. బయటికొచ్చి ఎత్తాను. "అక్క పోయింది" అన్నారాయన. ఎక్కడికి అని అడిగాను. నిజంగానే అడిగాను.

"పొద్దున కాఫీ కలుపుతూ పడిపోయింది. మెదడులో నరం చిట్లిందట. హాస్పిటల్‌కి చేరేలోపే..."

ముందురోజే నాతో మాట్లాడింది. "నా గడ్డి చూడ్డానికి వస్తానన్నావుగా, టికెట్ బుక్ చేశావా లేదా? జూలై వస్తే నీళ్లు మసకబారతాయి, నీకేమీ కనపడదు" అని కసిరింది. నలభై నిండలేదు. చన్నీళ్లలో రోజూ మునిగి తేలే మనిషి, జలుబు చేయడం కూడా నేను చూడలేదు. ఇది రాస్తున్న ఇప్పుడు కూడా ఆ వార్త నా బుర్రలోకి ఎక్కడం లేదు.

ఆమె నా తోడబుట్టిన అక్క కాదు. నేను కరీంనగర్ నుంచి జర్మనీ ఉత్తరపు కొసన సముద్రం ఒడ్డునున్న కీల్‌కు మాస్టర్స్ చదవడానికి వచ్చేసరికి అక్కడ సముద్రజీవుల మీద పరిశోధన చేస్తుండేది. సొంతూరు బాపట్ల దగ్గర. నీటి అడుగున తీసిన ఫోటోలను కంప్యూటర్‌లో వేరుచేసే పార్ట్‌టైం పని నాకు ఇచ్చింది. "మేడమ్ గీడమ్ అనకు తమ్ముడూ, అక్కా అను చాలు" అంది మొదటిరోజే.

ఆ ఫోటోల్లో నాకు గడ్డి తప్ప ఏమీ కనిపించేది కాదు.

"గిది గడ్డే గదా అక్కా, గింత పరేషాన్ ఎందుకు?" అన్నాను.

"గడ్డే. అందులో ఎన్ని కాపురాలున్నాయో చూడు ముందు" అని ఫోటో పెద్దది చేసింది. ఆకులనంటుకుని బియ్యపుగింజంత నత్తలు, గాజులాంటి రొయ్యపిల్లలు, పుల్లలా నిటారుగా నిలబడ్డ ఒక సన్నటి చేప.

"పెద్ద చేపల్ని మనం పట్టేశాం. వాటి భయం లేక చిన్న చేపలు పెరిగిపోయి ఈ నత్తల్నీ రొయ్యల్నీ మింగేస్తున్నాయి. ఇక ఆకు మీది నాచు తినేదెవరు? పైగా పొలాల్లో వేసిన ఎరువు వానకి కొట్టుకొచ్చి ఆ నాచుకే మేత. ఆకుకి వెలుతురెక్కడిది చెప్పు?"

నీళ్లలోంచి రాగానే ఫ్లాస్కులోని మిరియాల చారు తాగేది. తోటివాళ్లకూ పోసేది. వాళ్లు సూప్ అంటే, "సూప్ కాదు, చారు" అని ప్రతిసారీ దిద్దేది.

ఒక వేసవిలో, ఆమె బృందం ఒక్కో మొక్కా చేత్తో నాటిన మడి మీద ఎవరో లంగరు వేశారు. అది ఈడ్చుకుపోయిన మేర గడ్డి వేళ్లతో సహా లేచిపోయింది. పోలీసులకు చెబుదామన్నాను. అక్క వినలేదు. రేవులో పడవ కడుగుతున్న ఒక పెద్దాయన దగ్గరికి నేరుగా వెళ్లి, జర్మన్‌లో అడిగింది, లంగరు మీదేనా అని.

"నాదే. అక్కడంతా ఉత్త బురదే కదా?"

"ఒక్కసారి నా మాస్క్ పెట్టుకుని చూస్తారా?"

ఆయన నవ్వాడు. తర్వాత మాతో ఆ చోటికి వచ్చి, నీళ్లలో తల ముంచి నిజంగానే చూశాడు. తల పైకెత్తాక ముఖమైనా తుడుచుకోకుండా, "నాకు తెలియదమ్మా" అన్నాడు. ఆనాటి నుంచి మిగతా పడవల్ని ఆయనే పక్కకు మళ్లించేవాడు.

మరుసటి ఏడు ఎండలు విపరీతంగా కాశాయి. సముద్రం గోరువెచ్చనైంది. ఒకరోజు అక్క పైకి తేలి, మాస్క్ తీయకుండానే పడవలో కూలబడింది.

"పోయింది తమ్ముడూ. మొత్తం పోయింది. పోయిన వారం పచ్చగానే ఉంది కదా!"

మాస్క్ తీసి పక్కన పెట్టింది. "ఒక్క దెబ్బయితే సముద్రం ఓర్చుకుంటుంది. తేరుకోనివ్వకుండా మీద మీద కొట్టాం. పైకి పచ్చగా కనిపిస్తోందని లోపల ఓపికుందనుకున్నాం."

అయితే మేం పనిచేసే అఖాతం అవతలి ఒడ్డున, పడవలూ వలలూ వెళ్లని మూల, నత్తలూ రొయ్యలూ మిగిలే ఉన్నాయి. అక్కడి గడ్డి ఆకులు మాడినా వేళ్లు చావలేదు. ఆ గడ్డి గింజలే ఏరి తెచ్చి, పోయినచోటే అక్క మళ్లీ నాటింది. నాకు బ్యోబ్లింగెన్‌లో ఉద్యోగమొచ్చి కీల్ వదిలాక కూడా వాటి సంగతులు ఫోన్‌లో చెబుతూనే ఉండేది. చివరి ఫోన్‌లో ఆమె సంతోషమంతా అదే. "మొలకలు నిలదొక్కుకున్నాయిరా! నత్తలు కూడా వచ్చేశాయి, ఎవరూ పిలవకుండానే!"

చివరికి నేను టికెట్ బుక్ చేసుకుని వెళ్లింది ఆమె అంత్యక్రియలకు. పడవ పెద్దాయన కూడా వచ్చాడు. నా చెయ్యి పట్టుకుని, "మొన్ననే రేవులో నాతో పోట్లాడింది" అన్నాడు.

అక్కడినుంచి బావగారూ నేనూ ఆ అఖాతం దగ్గరికి వెళ్లాం. ఆయనకు నీళ్లంటే భయం. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా దిగలేదట. నేను చూస్తుండగానే బూట్లతో లోపలికి నడిచారు. నల్ల ప్యాంటు మోకాళ్లదాకా తడిసింది. బురద రేగి కాసేపు ఆయన పాదాలు కనిపించలేదు. నీళ్లు మెల్లగా తేటపడ్డాయి. అక్క నాటిన గడ్డిలోంచి చిటికెనవేలి గోరంత పీత ఒకటి పక్కకు పక్కకు నడుస్తూ వచ్చి ఆయన బూటెక్కింది. ఆయన వంగి దాన్నే చూస్తున్నారు, కాలు కదపకుండా.