పెన్రోజు దొర ఆదివారాలు

కరుణమ్మ ఇంట్లో ఆదివారం వస్తే కొడవలికి కూడా సెలవే. నాగలి ముట్టకూడదు, మోటారు వేయకూడదు, గట్టు మీద మొలిచిన గడ్డిపరక పీకినా తప్పే. కూర కూడా ముందు రోజే వండి పెట్టుకోవాలి. ఎర్రగుంటపల్లిలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. ఆదివారం పూట ఎవరైనా ఆమెను పార అడగబోతే పక్కింటివాళ్లే నవ్వి, "రేపు రాపో, ఇయ్యాల దొరింట్ల పారలు గూడ పార్థన జేస్తయి" అనేవారు. కరుణమ్మకు కోపం వచ్చేది కాదు. ఆ మాటలో ఎగతాళి ఎంతుందో గౌరవమూ అంతే ఉందని ఆమె నమ్మకం.

దొరిల్లు అన్నారని మేడ అనుకునేరు. రెండు గదుల పెంకుటిల్లు, ముందొక రేకుల పంచ, అంతే. రుద్రారంలో బస్సు దిగి, కాలేజీ పిల్లల హాస్టళ్లు దాటి ఆటోలో లోపలికి పోతే వస్తుందా ఊరు. ఇంటికి ఆ పేరు కరుణమ్మ భర్త దానియేలు వాళ్ల తాత వల్ల వచ్చింది. ఆయన పేరు పెన్రోజు. ఇంగ్లండు నుంచి వెస్లీ మిషన్ వాళ్లు పంపితే వాక్యం చెప్పడానికి నిజాం రాజ్యానికి వచ్చిన పడుచు దొర. వచ్చిన కొన్నేళ్లకే మిషన్‌ను వదిలేసి, ఈ ఊళ్లోనే కొంచెం భూమి పట్టా చేయించుకుని, జొన్న, కంది పండించుకుంటూ, వెట్టి చేసే ఇంటి పిల్ల చెన్నమ్మను పెళ్లాడి, చివరికి ఈ మట్టిలోనే కలిసిపోయాడు.

మిషన్‌ను ఎందుకు వదిలాడయ్యా అంటే ఇంట్లో అందరిదీ ఒకటే జవాబు, చెన్నమ్మ కోసం అని. కరుణమ్మ కాపురానికి వచ్చిన కొత్తలోనే మామ సామ్యేలు ఈ కథ చెప్పాడు. సామ్యేలు దొరకూ చెన్నమ్మకూ పుట్టిన ఒక్కగానొక్క కొడుకు. ఒక అమ్మాయి కోసం దేశాన్నీ ఉద్యోగాన్నీ వదులుకున్న మనిషి ఇంటికి కోడలినయ్యానని కరుణమ్మ ఎంత మురిసిపోయిందో. ఆ మురిపెం దానియేలు దగ్గర చెల్లలేదు పాపం. ఆయన పండక్కి చీర కొనడం కూడా మరిచిపోయే రకం. "మీ తాత బుద్ధి ఒక్కటన్న రాలే నీకు" అని ఆమె దెప్పితే తల గోక్కుని ఊరుకునేవాడు.

ఆదివారం కట్టడి పెట్టింది మాత్రం సామ్యేలే. అదెంత గట్టిదో కరుణమ్మ కళ్లారా చూసింది. ఒక ఏడాది జొన్న కోసి కల్లంలో కుప్పపోశారు. ఆదివారం మధ్యాహ్నం మబ్బు కమ్ముకొచ్చింది. కొత్త కోడలు కరుణమ్మ కుప్ప మీద కప్పడానికి పరదా పట్టుకుని పరుగెత్తబోతే, సామ్యేలు కుర్చీలోంచి లేవకుండానే చెయ్యి అడ్డం పెట్టాడు. వాన కురిసింది. ఏడాది తిండి గింజలు వాళ్ల కళ్ల ముందే నానిపోయి, నల్లబడి, మొలకలెత్తాయి. ముసలాయన కుర్చీలోనే కూర్చుని చూశాడు. అబ్బ, ఏం భక్తి అనుకుంది కరుణమ్మ. ఆ చలికాలమంతా గంజి తాగుతూ కూడా అదే అనుకుంది.

ఇప్పుడు సామ్యేలూ లేడు, దానియేలూ లేడు. కరుణమ్మ మోకాళ్లు అరిగిపోయాయి. దానియేలు పోయినప్పటి నుంచి భూమి బీడు పడి ఉంది. కూతురు సలోమి, అల్లుడు ప్రవీణ్‌కుమార్ పటాన్‌చెరులో కిరాయి గదిలో ఉంటూ మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తారు. ఈసారి తొలకరి పడగానే సలోమి వచ్చి, కంది వేస్తానంది. ఆదివారం ఆదివారం వచ్చి తానే చూసుకుంటానంది. అక్కడొచ్చింది తంటా.

"ఐతారం మాట నా ముందర తియ్యకు," అంది కరుణమ్మ.

"మరెప్పుడు జెయ్యాలమ్మా? ఆరు దినాలు డబ్బాలల్ల మాత్రలు పెడుత. కూలికి రమ్మంటే ఒక్కలు లేరు, అందరు కంపెనీ బస్సెక్కుతున్నరు. ట్రాక్టర్లు వారమంత ఫ్యాక్టరీలకు మట్టి తోలుతున్నయి. నాకైనా, ట్రాక్టర్‌కైనా ఖాళీ ఉండేది ఐతారమే."

"జీతమొస్తున్నది గద, నీకు భూమెందుకే?"

"నేను జేసే మాత్ర ఎవలు మింగుతరో నాకు తెల్వదు. కంది ఏస్తే మొలకొచ్చుడు కండ్లతోని జూస్త. గంతే అమ్మా, ఇంకేం లేదు."

ఆ మాట కరుణమ్మకు నిజమేననిపించింది. అయినా ఒప్పుకోలేదు. దేవుని దినం నాడు దున్నించేకంటే అమ్ముకోవడమే నయమనుకుంది. ప్లాట్ల వ్యాపారం చేసే చలపతిరావుకు ఫోన్ చేసి, సోమవారం కాగితాలు తెచ్చుకోమంది. ఆయన చెడ్డవాడేం కాదు. ఎప్పుడో కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి, రిటైరయ్యాక ఈ పనిలో దిగిన మర్యాదస్థుడు. సలోమి మాత్రం అన్నం కూడా ముట్టకుండా బస్సెక్కి వెళ్లిపోయింది.

అమ్మేస్తానని చెప్పిందే కానీ కరుణమ్మకు తిన్నది ఒంటబట్టలేదు. శనివారం పొద్దున, ఉన్న ఒక్క ఆశా చూద్దామని చాంద్ పాషా ఇంటికి వెళ్లింది. పాషా ఆమె కంటే పదేళ్లు పెద్ద. పక్క చేను ఆయనదే, కొడుకు ట్రాక్టర్ నడుపుతాడు.

"అన్నా, నా భూమి నువ్వు కౌలుకు జేస్తవా? లేకుంటే ఎల్లుండి ప్లాట్లకు పోతది."

"నాకేడ చాతనైతది చెల్లె? ఉన్నదే బీడు పెట్టిన. సలోమి ఏస్త అన్నదంట గద?"

"ఐతారం ఏస్తదంట. మా ఇంట్ల నడుస్తదా?"

చాంద్ పాషా నోట్లో పాన్ నమలడం ఆపి ఆమె వంక వింతగా చూశాడు. "గదేంది చెల్లె. మీ వాడోళ్లు తాగే బాయి మొత్తం ఐతారమే తవ్విండ్రు. నీకు ఎరుక లేదా?"

కరుణమ్మ నవ్వింది. పాషాకు వయసు మీద పడిందనుకుంది. ఆయన నవ్వలేదు. పీట లాగి కూర్చోబెట్టి, మొదటి నుంచీ చెప్పాడు.

"అప్పట్ల మీ వాడోళ్లు దేశ్‌ముఖ్‌కు వెట్టి జేసేటోళ్లు. వారంల ఒక్క పూట తీరిక లేదు. మీ దొర పోయి కొట్లాడిండు. ఏడో నాడు వీండ్లను ఇడువు, పార్థనకు రావాలె అన్నడు. ఎట్లనో ఒప్పించిండు. ఐతారం అందరు వచ్చి కూసున్నరు. పార్థన నడుస్తుంటే చెన్నమ్మ లేశి అన్నదంట. దొరా, ఊరి బాయి మమ్ముల ముట్టనియ్యరు, పొద్దుగాల్నుంచి గొంతెండుతున్నది, పాట ఎట్ల పాడాలె అని. దొర కోటు ఇడిశి గడ్డపార పట్టిండు. అగో, గా బాయి గట్ల షురువైంది. మా తాత రాయి పేల్చేటోడు. ఐతారం ఐతారం పోయి మందు పెట్టేటోడు."

"మరి మిషనోళ్లు ఊకున్నరా?"

"ఎందుకూకుంటరు? పెద్ద దొర గుర్రం మీద వచ్చిండు. దేవుని దినం అని అడిగి తీస్కొని వీండ్ల చేతికి పలుగు ఇస్తవా, బాయి ఆపు, లేకుంటే మిషన్ ఇడువు అన్నడు. నీళ్లు పడకముందు పోతే దేవునికి నేనేం జెప్పాలె అని మీ దొర ఈడ్నే ఉండిపోయిండు. పెండ్లి ముచ్చట అంత తర్వాత."

 "నీళ్లు ఏనాడు పడ్డయి?" అంది కరుణమ్మ.

"ఐతారమే. ఇంకేనాడు తవ్వలే గద," అన్నాడు పాషా తాపీగా.

సామ్యేలుకు ఇదంతా తెలుసు. మిషన్ బడిలో తోటి పిల్లలు ఆయన్ను, మీ నాయన ఐతారాన్ని పాడుజేసిండని ఏడిపించేవారట. చర్చిలో పెద్దలు వెనక బెంచీలో కూర్చోబెట్టేవారట. పెద్దయ్యాక పాషా తండ్రి చేతులు పట్టుకుని, నా పిల్లల ముందర ఈ ముచ్చట తియ్యకుండ్రి అని బతిమాలాడు. "ఆయన పోయినంక నువ్వు అడగలే, నేను జెప్పలే," అన్నాడు పాషా.

ఇంటికి నడుస్తుంటే కరుణమ్మకు ఒళ్లు మండిపోయింది. నల్లబడిన జొన్న కుప్ప కళ్ల ముందుకొచ్చింది. అది భక్తి అనుకుని గంజి తాగిందే. వాడంతా నీళ్లు తాగే బావిని ఆదివారం తవ్విన మనిషి కొడుకు, పరదా కప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఎంత పని జేసినవ్ మామా" అని దారిలో పైకే అనేసింది. ఇంటి గుమ్మం ఎక్కేసరికి కోపంతో పాటు జాలీ పుట్టింది. వెనక బెంచీలో కూర్చున్న పిల్లవాడు ముందు బెంచీకి రావడానికి జీవితమంతా బిగబట్టుకుని బతికాడు. తప్పు లేని చోట సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గును ఈ ఇంట్లో ఇంకెవరికీ అంటనివ్వకూడదని ఆమె గట్టిగా అనుకుంది.

మర్నాడు చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ కరుణమ్మ లేచి నిలబడింది. ఆమె సంఘంలోని ఆడవాళ్ల కూటం, స్త్రీల మైత్రికి పెద్ద. ఆదివారం నాడు మార్కెట్‌కు పోయినందుకు ఎంతమంది ఆడవాళ్లకు గడ్డి పెట్టిందో లెక్కలేదు. పాషా చెప్పింది చెప్పినట్టు చెప్పింది. చెప్పి, "ఇయ్యాల మా బిడ్డ భూమిల విత్తనం పడతది. తప్పంటే నన్ను పెద్దరికం నుంచి తీసెయ్యుండ్రి," అంది.

 ఒకాయన గొంతు సవరించుకుని పాస్టరు అయ్యగారి వైపు చూశాడు. అయ్యగారు ఖాళీ బెంచీల వైపు చూశారు. సంఘంలో సగం మంది ఆదివారం షిఫ్టులో ఉన్నారు మరి. ఇంతలో ముసలి పోశమ్మ కూర్చున్న చోటి నుంచే అంది. "మా అవ్వ గా బాయి నీళ్లే తాగింది. మేమందరం తాగినం. తీసేసేటోళ్లు ముందుగాల గా నీళ్లు కక్కుండ్రి."  అయ్యగారు చిన్నగా నవ్వి, విత్తనాల కోసం ప్రార్థన చేద్దామన్నారు.

బయటికి రాగానే కరుణమ్మ ముందు చలపతిరావుకు ఫోన్ చేసింది. "రేపు రావొద్దు సార్, భూమి ఖాళీ లేదు" అంటే ఆయన, "అదేంటమ్మా, నిన్నటి దాకా బీడే కదండీ" అని నొచ్చుకున్నాడు. తర్వాత కూతురికి చేసింది.

"పాషా అన్నకు రాత్రే జెప్పిన, కొడుకు ట్రాక్టర్ తెస్తున్నడు. నువ్వు, అల్లుడు జల్దీ రాండ్రి."

 "అమ్మా, ఇయ్యాల ఐతారం," అంది సలోమి భయంభయంగా.

"ఎరుకే. అందుకే రమ్మంటున్న."

మధ్యాహ్నం దాటేసరికి ట్రాక్టర్ బీడును తిరగేసింది. తడి మట్టి వాసనకు కరుణమ్మకు కళ్లనీళ్లు ఆగలేదు. చర్చికి కట్టుకున్న తెల్లచీర కొంగునే ఒడిగట్టి, అందులో కంది గింజలు పోసుకుని, మోకాళ్లు పట్టుకుంటూనే సాలు వెంట నడిచింది. పక్క సాలులో నడుస్తున్న సలోమి ఉండబట్టలేక అడిగింది.

"సామ్యేలు తాత ఉంటే ఏమనేటోడమ్మా?"

"తిట్టేటోడు. తిట్టనియ్యి," అంది కరుణమ్మ గింజలు వదులుతూ. "వాళ్ల నాయన నా దిక్కు మాట్లాడుతడు."