పెచ్చు గిల్లిన చేయి

బాబును భుజం మీది నుంచి దించబోతుంటే నా తెల్ల చున్నీ మీద ఆవగింజంత ఎర్రటి మరక కనిపించింది. ఏడు నెలల మా వాడు నోరంతా తెరిచి ఆవలించాడు. నడినెత్తిన, మాడుకు కాస్త పక్కగా, పుట్టిన నెల నుంచీ కదలకుండా అంటుకుని ఉన్న పెచ్చు ఒకటి లేచిపోయింది. దాని కింద చర్మం ఎర్రగా, తడిగా మెరుస్తోంది.

గిల్లింది నేనే. పది నిమిషాల క్రితం ఆఫీసు మీటింగులో కెమెరా, మైకు ఆపేసి, వాడికి పాలిస్తూ తల తడుముతున్నాను. ఒకచోట పెచ్చు అంచు లేచి ఉంది. కొత్త ఫ్రిజ్ మీది స్టిక్కరు అంచు లేస్తే చూస్తూ ఊరుకునేవాళ్లు ఉంటారేమో, నేను ఆ రకం కాదు. గోరు పెట్టాను. అవతల మేనేజరు వచ్చే వారం పనుల గురించి చెబుతూనే ఉన్నాడు. పెచ్చుతో పాటు నాలుగు వెంట్రుకలు ఊడి నా చేతిలోకి వచ్చాయి.

చిక్కంతా ఆ నాలుగు వెంట్రుకలతోనే. అవి పుట్టు వెంట్రుకలు. వాడు కడుపులో ఉండగానే మా అత్తగారు వాటిని కొండకు మొక్కేశారు. ఆవిడ కాకినాడ నుంచి వచ్చి కొండాపూర్‌లో మాతోనే ఉంటున్నారు. మొక్కు తీరేదాకా ఆ తలకు కత్తెర తగలకూడదు. దువ్వెనన్నా ఆవిడకు అనుమానమే. తలగడ మీద రాలిన వెంట్రుకల్ని కూడా ఏరి కుంకుమ భరిణెలో దాస్తారు. అలాంటిది, తల్లే గోరు పెట్టి పీకిందంటే ఆ ముఖం ఎలా చూడాలి?

అత్తగారు గదిలోకి రానే వచ్చారు. మరక చూశారు, తల చూశారు. ఎవరు గిల్లారని అడిగారు. నేను నోరు తెరిచేలోపే ఆవిడ చూపు మంచం మీద కూర్చున్న మా పెద్దదాని మీద పడింది. దానికి నాలుగున్నరేళ్లు. చేతిలో బొమ్మ దువ్వెన ఉంది.

"నువ్వేనా తల్లీ? తమ్ముడి తల కూడా బొమ్మ తలే అనుకున్నావా?"

ఆవిడ కోప్పడలేదు. పిల్లల మీద ఆవిడకు కోపం రాదు. పాప నా వైపు చూసింది. కాదని నేను చెబుతానని ఎదురుచూసింది.

"మీటింగ్ అవుతోంది అత్తయ్యా" అని లాప్‌టాప్ తీసుకుని లేచాను.

మర్నాటి నుంచి పాప తమ్ముడి దగ్గరికి వస్తే చేతులు వెనక్కి పెట్టుకుని రావడం మొదలుపెట్టింది. ముద్దు పెట్టాలన్నా అలాగే, మ్యూజియంలో అద్దాల పెట్టెలోకి చూసినట్టు వంగి పెట్టేది. మూడో రోజుకు ఆ చోట నీరు కారి, కొంచెం వాసన కూడా వచ్చింది. సగం పూట సెలవు పెట్టి, అందరినీ ఆటోలో ఎక్కించుకుని పిల్లల డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాను.

తలకు ఏమేం రాస్తున్నారని ఆవిడ అడిగారు. పొద్దున్నే మాడుకు ఆముదం తానే అద్దుతున్నానని అత్తగారు గర్వంగా చెప్పారు. సాయంత్రం కొబ్బరినూనె నేను రాస్తున్నానని నసిగాను. అది అత్తగారికి అప్పటిదాకా తెలియదు. హఫీజ్‌పేట్ నుంచి వచ్చి బాబుకు నీళ్లు పోసే ఆమె కూడా "ఫికర్ చెయ్యకమ్మా" అంటూ స్నానమయ్యాక నువ్వుల నూనె పట్టిస్తోందన్న సంగతి ఇద్దరికీ అప్పుడే గుర్తొచ్చింది. డాక్టరమ్మ ఒక కాగితపు రుమాలు తీసి వాడి నెత్తిన అద్ది మాకు చూపించారు. మిర్చి బజ్జీ పొట్లంలా ఉంది.

"నూనె జర సేపు ఉంచాలె, షాంపూతో మొత్తం కడిగెయ్యాలె. మీరు పెట్టుడే గానీ తీసుడు లేదు. గందుకే పెచ్చులు అతుక్కొని కూసున్నయి."

మెత్తని బ్రష్‌తో మెల్లగా రుద్దితే వాటంతట అవే పోతాయన్నారు. పుండు చిన్నదేనట, పూతమందు చాలట. గోళ్లు మాత్రం పెట్టొద్దని చెబుతూ, ఎవరు గిల్లారని అడిగారు.

"పెద్దదండి. చిన్నపిల్ల, తెలియక" అన్నారు అత్తగారు.

పాప చేతులు రెండూ తొడల కింద దాచుకుంది. డాక్టరమ్మ వాటిని నెమ్మదిగా బయటికి తీసి చూశారు. ఆ గోళ్లు ఆదివారమే నేను మొదలంటా కత్తిరించాను. తర్వాత నా గోళ్ల వైపు చూశారు. మందు రాసిచ్చారు. నేను గోడ మీది టీకాల పట్టిక రెండుసార్లు చదివాను.

ఆ సాయంత్రమే నూనె రాసి, పావుగంట ఆగి, పుండుకు తగలకుండా షాంపూతో కడిగాం. ఏడు నెలల మొండి పెచ్చుల్లో కొన్ని తడిసిన అటుకుల్లా లేచి నీళ్లలో కొట్టుకుపోయాయి. అత్తగారు వడగట్టి మరీ వెంట్రుకలు ఏరుకున్నారు. సంబరంగా బ్రష్ పాపకు అందించబోయాను. అది గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"వద్దమ్మా. నేను గిల్లినట్టు నాకు గుర్తు లేదు. నిద్రలో గిల్లేశానేమో. మళ్లీ అట్లాగే చేస్తానేమో."

వాడి నెత్తిన పుండు నాలుగు రోజుల్లో మానుతుంది. దీనికి ఏ పూతమందు రాయాలి?

పొద్దున లేచి ముందు నా గోళ్లు తీసేసుకున్నాను. పిల్లలిద్దరినీ మంచం మీద ఎదురెదురుగా కూర్చోబెట్టాను. అత్తగారు ఆముదం గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి ఆగారు. వినాలనే కొంచెం గట్టిగా చెప్పాను.

"కన్నా, నీ తల గిల్లింది అక్క కాదు, నేను. తల్లీ, నువ్వు నిద్రలో కూడా ఏం చేయలేదు. నానమ్మ అడిగినప్పుడు నాకు భయమేసి నోరు మూసుకున్నాను. తప్పు నాది. ఇవాళ్టి నుంచి తమ్ముడి తలకు బ్రష్ పట్టేది నువ్వే. నేను నీళ్లు పోస్తాను."