అంచు కలవని జత

మొన్న నాకు అజీర్తి చేస్తే మనవరాలు హోమియో డాక్టరు దగ్గర నుంచి చిన్న సీసా తెచ్చింది. దాని మీద 'నక్స్ వామికా' అని ఉంది. మందు వేసుకోవడం మరిచిపోయి ఆ పేరునే చూస్తూ కూర్చున్నాను. లాటిన్‌లో నక్స్ స్త్రీలింగం కాబట్టే పక్కన వామికా వచ్చింది. రెండు మాటల చివరలూ కలవవు, అయినా జత సరైనదే. ఈ ఒక్క సంగతి పద్దెనిమిదో ఏట నా బుర్రలో నిలిచి ఉంటే నేనిప్పుడు పులివెందులలో ఉండేదాన్ని కాను.

మా నాయనకు ప్రొద్దుటూరులో చీరల అంగడి. ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులు. పులివెందుల అంగడాయన ఒకరికి నన్నిస్తానని నాయన మాట ఇచ్చి వచ్చాడు. ఆయనకు మొదటి భార్య పోయింది. వయసు నాకు రెట్టింపు. నేను ఏడవలేదు. అంగట్లో పెరిగినదాన్ని గనుక బేరం పెట్టాను. జమ్మలమడుగు ఆసుపత్రిలో కాంపౌండరు పని నేర్పడానికి ఒక ఆడపిల్లను తీసుకుంటారట. పరీక్ష నెగ్గితే ఈ సంబంధం వద్దు, తప్పితే నోరెత్తకుండా తాళి కట్టించుకుంటాను అన్నాను.

"నోరెత్తకుండా అన్నావు. గుర్తుంటాదా?" అని నాయన వెంటనే ఒప్పుకున్నాడు. అవతలివాడు అంత తొందరగా ఒప్పుకున్నాడంటే మనమే ఎక్కువ వదులుకున్నామని అర్థం. అంగడి కూతుర్ని, నాకది తట్టలేదు.

పరీక్షలో సీసాల మీద మందుల పేర్లు లాటిన్‌లో రాయాలి. ఆ ఆసుపత్రిలోనే పనిచేసి మానుకుని మా వీధిలో కాపురమున్న కాంపౌండరు మామ నేర్పిస్తానన్నాడు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, కోటు విప్పకుండానే మా అంగడి వెనక పంచలో, రవిక గుడ్డల బీరువాకు ఆనుకుని కూర్చునేవాడు. గంజి పెట్టిన గుడ్డల వాసనలోనే నాకు లాటిన్ వచ్చింది, వచ్చినంత మేరకు.

"తెలుగులో మంచి అంటే మంచే పాపా. మంచి మొగోడు, మంచి ఆడది, మంచి మందు. లాటిన్‌లో అట్ల కుదరదు. మొగోనికి బోనుస్, ఆడదానికి బోనా, రెండూ కానిదానికి బోనుమ్."

"ఒక మంచికి మూడెందుకు మామా? రెండు చేసుకో."

"తగ్గించేదానికి ఇది మీ అంగడి కాదు."

ఆక్వా పూరా అంటే స్వచ్ఛమైన నీళ్లు. ఓలెయుమ్ పూరుమ్ అంటే స్వచ్ఛమైన నూనె. ఇందులో ఏముంది, చీరకు రవిక చూసినట్టు అంచుకు అంచు కలిపితే సరి అనుకున్నాను. ఆ ధీమాతోనే ఒకరోజు మంచి రైతుకు 'అగ్రికోలా బోనా' అని రాశాను. మామ కళ్లద్దాలు నుదుటి మీదికి ఎత్తాడు.

"ఆ మాట ఆడదాని మాదిరి ముగుస్తాది, మనిషి మొగోడు. బోనుస్ అనాల. మీ అమ్మ నిన్ను నాయనా నాయనా అని పిలుస్తాంటాదే, నీకేమన్నా మీసాలొచ్చినాయా? అంచు చూడొద్దు పాపా, లింగం చూడు."

శానా నవ్వుకున్నాం. అర్థమైందనే అనుకున్నాను.

జమ్మలమడుగులో పరీక్ష రోజు నా ముందు ఆరు సీసాలు పెట్టారు. ఐదింటికి తడుముకోకుండా రాశాను. ఆరోది తెల్లపొడి. పొడి అంటే పుల్విస్ అనీ, అది పుంలింగమనీ మామ చెప్పే ఉన్నాడు. తెల్లనిదానికి ఆల్బుస్ చేర్చి 'పుల్విస్ ఆల్బుస్' అని రాశాను. రాసి చూసుకుంటే ఎర్రంచు చీర మీదికి పచ్చ రవిక తొడిగినట్టు కంటికి గుచ్చుకుంది. ఆల్బుస్ కొట్టేసి ఆల్బిస్ అని రాశాను. ఇటూ ఇస్, అటూ ఇస్. ఎంత చక్కగా కలిసిందో అని మురిసిపోయి కాగితం ఇచ్చి వచ్చాను.

ఉన్న చోటు ఒక్కటే. ఆరూ సరిగ్గా రాసిన అమ్మాయికి అది దక్కింది. మామ ఆసుపత్రికి వెళ్లి నా కాగితం చూసి వచ్చి, పంచలో బీరువాకు ఆనుకుని కూర్చున్నాడు.

"కొట్టేసిందే సరైనది గదా పాపా," అన్నాడు.

నాయన బేరం మరిచిపోలేదు. పెళ్లిచీర తెచ్చి, రవిక గుడ్డ నన్నే చూసుకోమన్నాడు. నోరెత్తకుండా అంచుకు అంచు కలిపి తీశాను. చూసినవాళ్లంతా జత బాగా కుదిరిందన్నారు.

ఈ అరవై ఏళ్లలో, బోనుస్ బోనా అయినట్టు, పక్కనున్నవాళ్లను బట్టి నా చివరలన్నీ మారిపోయాయి. ఆ కాగితం మీద నేను కొట్టేసిన మాట మాత్రం ఇప్పటికీ సరిగ్గానే ఉంది.