పన్నెండణాల మోకాలు

నిన్న కోదాడ దవాఖానల నా ఇజ్జత్ ఎట్ల పోయిందో వినుండ్రి! డాక్టర్ సార్ టేబుల్ సుట్టు చప్పట్లు కొట్టుకుంట తిరిగొచ్చిన. నవ్వకుండ్రి! ముందు చాయ్ తాగుండ్రి, మొదటిసంది చెప్త.

నా కుడి మోకాలు సంగతి మీకెరికే గద. శ్రావణమాసం కాడికెల్లి ఒకటే గుంజుడు. వంగరాదు, కూసుంటే లేవరాదు. నొప్పికైతే నేను భయపడలే గని, ముంగట సద్దుల బతుకమ్మ ఉండె! మన వాడకట్టుల పాట ఎత్తేది నేను. నేను ఆడకపోతే ఏమైతది? మిర్యాలగూడకెల్లి మా ఆడిబిడ్డ సరోజన దిగుతది. దాని గొంతు రైస్‌మిల్లు మోతనే! నేను కుర్సీల కూసోని, అది నా జాగల నిలవడి పాట ఎత్తుతుంటే సూడాల్నా? నాతోని కాదు తల్లీ!

అందుకే మునగాలల బస్సెక్కి కోదాడ పోయిన. ఆ డాక్టర్ సార్ కృష్ణ అవతల గుంటూరు దిక్కు మనిషి. బంగారం లాంటోడు. అణాలు పోయి ఎన్నేండ్లాయె, కని ఆయన లెక్క మాత్రం అణాలే. పోయినప్పుడల్ల "రూపాయికి ఎన్ని అణాలు తగ్గిందమ్మా?" అని అడుగుతడు. మనం పదహారు అంటే నొప్పి మొత్తం ఖతమైనట్టు. మనం చెప్పినదాన్ని పట్టే మందు ఉంచుడో, మార్చుడో.

మొదలు రాసిచ్చిన గోలీలు మింగి మళ్ల పోయిన్నాడు గట్లనే అడిగిండు. నిజం చెప్పాల్నంటే ఒక్క అణా గూడ తగ్గలే. కని అంత పెద్ద సార్ అంత ప్రేమగ మొఖంల మొఖం పెట్టి అడుగుతుంటే, తగ్గలేదని ఎట్లంటం? ఆయన మనసు చిన్నబోదా? సుట్టపింట్ల అన్నం తిని, కూరల ఉప్పెక్కువైందని మొఖం మీద అంటమా?

"పన్నెండణాలు తగ్గింది సార్!" అన్న.

"అబ్బో! అయితే ఈ మాత్రలు బాగా పనిచేస్తున్నాయి. ఇవే వేసుకో" అని మళ్ల అవే రాసిండు. ఆ తర్వాత పోయినా గదే కథ. మా ఆయన ఒకటే నస. "సార్ కాడ నగుతవ్, ఇంటికొచ్చి మూల్గుతవ్, ఏం మనిషివే నువ్వు?" అని.

ఇగ ఒకనాడు బెంచీ నిండ జనం. సార్ గదికి, మాకు నడుమ పచ్చ పర్దా ఒక్కటే. లోపల ఫ్యాన్ గడగడ మోగుతది గాబట్టి బయటి మాట సార్‌కు వినపడదు. పక్కన దగ్గుతోని వచ్చిన ముసలమ్మ "ఎట్లున్నది బిడ్డా మోకాలు?" అన్నది.

"ఏమున్నదవ్వా! సార్ మంచోడే గని, ఆ గోలీలతోని ఫాయిదా లేదు. పాపం ఆయన బాధపడతడని తగ్గిందంటున్న" అన్న.

"నేను గూడ గంతేనే! లోపల దగ్గు బిగపట్టుకుంట, బయటికొచ్చి దగ్గుత" అన్నది ముసలమ్మ.

అప్పటికే కరెంటు పోయిందని, ఫ్యాన్ ఆగిందని మా ఇద్దరికీ సోయి లేదు. పర్దా జరిగింది. సూస్తే సార్!

"ఇప్పుడు చెప్పమ్మా, ఎన్ని అణాలు?"

అలవాటైన నోరాయె, ఆగుతదా? "పన్నెండు సార్!" అన్న.

బెంచీ బెంచంత గొల్లుమన్నది. సార్ మాత్రం నవ్వలే. "నొప్పి నాకు స్టెతస్కోపులో వినపడదమ్మా. నువ్వు చెబితేనే తెలిసేది. తగ్గిందంటే నమ్మి అదే మందు రాశాను. నష్టం ఎవరికి?" అన్నడు. సిగ్గుతోని సచ్చిపోయిన. ఇగ ఉన్నదున్నట్టు చెప్పిన. పొద్దున లేస్తే బిగుస్తది, మెట్లు దిగితే పొడుస్తది, పండుకుంటే గుంజుతది. ఆయన అంత విని, మోకాలు పట్టి సూసి, మందు మార్చిండు. కాలు చాపి లేపుడు దించుడు నేర్పిండు.

నిజంగనే తగ్గింది! నిన్న ఉరికినట్టే పోయి, "పదిహేనణాలు తగ్గింది సార్!" అన్న సంబురంగ.

ఆయన కలం కింద పెట్టిండు. "నీ నోట తగ్గిందన్న మాట వింటేనే నాకు భయమమ్మా. నేను నమ్మను."

"ఒట్టు సార్! ఎల్లుండి బతుకమ్మ గూడ ఆడత!"

"అయితే ఆడి చూపించు."

నాకు రోషమొచ్చింది. కొంగు నడుముకు చెక్కిన. టేబుల్ సుట్టు వంగుడు, లేసుడు, చప్పట్లు! ఒక సుట్టు తిరిగేసరికి పాట గూడ ఎత్తిన. నా గొంతు ముంగట ఆ ఫ్యాన్ ఎంత? పర్దా పక్కకు నూకి బెంచీల మీదోళ్లంత తొంగి సూస్తున్నరు. సార్ మొఖం ఎలిగిపోయింది. "చాలు చాలు, నమ్మానమ్మా! వెళ్లి పండక్కి హాయిగా ఆడుకో" అన్నడు. నాకు సంతోషంతోని కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. ఇగ రానీయుండ్రి సరోజనను!

కొంగు సదురుకొని బయటికొస్తుంటే, కొత్తగొచ్చిన ఒకామె నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. మొఖం తెల్లబోయి ఉన్నది.

"అక్కా, నాది నడుము నొప్పి. ఈ సార్ గోలీలియ్యడా? అందరితోని గిట్లనే ఆడిపిస్తడా? నాకు పాట గూడ రాదే!"

"భయపడకు సెల్లే" అన్న. "నిజం చెప్పినోళ్లకు గోలీలే ఇస్తడు. ఆట నాసొంటి అబద్ధాలకోర్లకే!"