డ్రమ్ము ఆగిన చోట

సుగుమారన్‌కు యాభై తొమ్మిదేళ్లు. మలేషియాలో సుంగై సుమున్ దగ్గరి పామాయిలు మిల్లులో, బాయిలర్ పక్కన, ముప్పై మూడేళ్లు పనిచేశాడు. అతని తండ్రి తోటలో గెలలు కోసినవాడు. కొడుకు ఎండలో మాడకుండా నీడపట్టున యంత్రాల దగ్గర చేరాడని ఆయన చాలా సంతోషించాడు. కానీ ఆ నీడలో చెవులు పోతాయని ఎవరికీ తెలియలేదు. మొదటి పదేళ్లూ చెవుల్లో దూది కుక్కుకునేవారు. తరవాత మిల్లువాళ్లు మంచి మూతలు ఇచ్చారుగానీ, అప్పటికే కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమది సగం పోయింది.

ముందు సన్నటి శబ్దాలు పోయాయి. పిట్టలు, కుక్కర్ విజిలు, ఆడవాళ్ల గొంతులు. భార్య నాగవల్లి పిలిస్తే పలికేవాడు కాదు. "ఈ మనిసికి నా మాటంటే లెక్క నేదు" అని ఆవిడ ఏళ్ల తరబడి అలిగింది. అసలు సంగతి తెలిశాక అలగడం మానేసింది, పిలవడమూ మానేసింది. ఇప్పుడు భుజం తట్టి చెయ్యి ఊపుతుంది.

అతనికి జీవితంలో ఉన్నది ఒకటే పిచ్చి. 'రిబుత్ సెంజా' అనే మలాయ్ రాక్ బృందం. వయసులో వాళ్లలాగే జుట్టు పెంచి తండ్రి చేత తిట్లు తిన్నాడు. వాళ్ల డ్రమ్మరంటే మరీ ప్రాణం. ఆ బృందం ఒకసారి దగ్గరి పట్నం తెలుక్ ఇంటాన్ వచ్చింది. ఆ రోజు రెండో షిఫ్టు మనిషి రాలేదు. బాయిలర్ని వదిలి కదలడానికి లేదు. సుగుమారన్ వెళ్లలేకపోయాడు. మళ్లీ ఎప్పుడూ కుదరలేదు.

పోయినేడాది ఆ బృందం చివరి కచేరీ కౌలాలంపూర్‌లో అని తెలిసింది. క్లాంగ్‌లో ఉద్యోగం చేస్తున్న కూతురు సుమిత రెండు టికెట్లు కొని ఇంటికి వచ్చింది. తండ్రికి ఎంత వినపడుతుందో ఆ అమ్మాయికి సరిగ్గా తెలియదు. అతనూ ఎప్పుడూ చెప్పలేదు.

"మిషను పెట్టుకో నాయినా, బాగా ఇనపడతాది," అంది సుమిత, చెవి చూపించి.

"ఎందుకినపడదు? ఎల్దుం," అన్నాడు సుగుమారన్. ఆ వారమంతా నాగవల్లి చేత నల్ల చొక్కా రెండుసార్లు ఇస్త్రీ చేయించాడు.

స్టేడియంలో పన్నెండు వేల మంది. ఎక్కువమంది అతని వయసువాళ్లే. బట్టతలలు, పొట్టలు, పాత బృందం బొమ్మలున్న చొక్కాలు. మొదటి పాట మొదలవగానే చెవిలో మిషను కీచుమంది. ఆ తరవాత వినిపించింది ఒకటే హోరు, అచ్చం మిల్లులోలాగే. గిటారు లేదు, గొంతు లేదు. మిషను తీసి జేబులో పెట్టుకున్నాడు. సుమిత చూసి "ఏటి?" అని అడిగింది. బొటనవేలు పైకెత్తి నవ్వాడు.

పక్క కుర్చీలో ఒక మలాయ్ ఆవిడ పాడుతోంది. ఆవిడ పెదవులు చూసి ఏ పాటో పోల్చుకోసాగాడు. డ్రమ్ము మాత్రం గుండెల్లో తగులుతోంది. పెదవులూ డ్రమ్మూ కలిపి పాట పట్టుకుంటున్నాడు. నాలుగో పాట అలా పట్టుకునేసరికి ఒళ్లు జలదరించింది. ముప్పై మూడేళ్లూ బాయిలర్ దగ్గర కూనిరాగం తీసిన పాట అది. ఇక ఎవరి పెదవులూ చూడనక్కరలేదు. కళ్లు మూసుకుని గొంతెత్తాడు.

ఆ పాటలో రెండో చరణం అయ్యాక డ్రమ్ము ఆగుతుంది. గొంతు ఒక్కటే కాసేపు సాగుతుంది. తరవాత డ్రమ్ము మళ్లీ అందుకుంటుంది. డ్రమ్ము ఆగింది. సుగుమారన్ పాడుతూనే, అది మళ్లీ వచ్చే క్షణం కోసం ఎదురుచూశాడు.

అది రాలేదు. సుమిత అతని చెయ్యి గట్టిగా పట్టుకుని లాగింది. కళ్లు తెరిచాడు. ముందు వరసలన్నీ వెనక్కి తిరిగి అతన్నే చూస్తున్నాయి. స్టేజీ మీద అందరూ తలలు వంచుకుని నిలబడ్డారు. దీపాలన్నీ ఆర్పి, డ్రమ్ముల వెనక ఖాళీ చేసిన పీట మీద మాత్రం వెలుగు పడేలా పెట్టారు. ఒక కుర్రది ఫోనెత్తి వీడియో తీస్తోంది. ముందున్న పెద్దమనిషి పెదవులు కదిలాయి: "మబుక్." తాగుబోతు.

సుగుమారన్ జీవితంలో చుక్క ముట్టలేదు. లేచి, జనాన్ని తప్పించుకుంటూ బయటికి నడిచాడు. సుమిత వెనకే వచ్చింది.

"నానేటి సేసినాను?" కార్ల మధ్య నిలబడి అడిగాడు.

"ఏటీ నేదు, నాయినా."

"నోరు సూసినాను. మబుక్ అన్నాడు."

సుమితకు తండ్రి మాట అర్థమవుతుంది. ఇంత సంగతి విడమరిచి చెప్పేంత తెలుగు రాదు. ఆమెకు బాగా వచ్చిన తమిళం, ఇంగ్లీషు మాటలు అతను పెదవుల మీద చదవలేడు. ఆ మసక వెలుగులో మలాయ్ కూడా పూర్తిగా అందదని, చివరికి ఫోనులో మలాయ్‌లో టైపు చేసి చూపించింది. ఇవాళ వాయించింది వేరేవాడు. పాత డ్రమ్మరు మూడు నెలల కింద పోయాడని ఈ పాటకు ముందే స్టేజీ మీద చెప్పారు. అతనికి నివాళిగా ఆ చోట పాట ఆపి అందరూ మౌనం పాటించారు.

సుగుమారన్ రెండుసార్లు చదివాడు. "పోయినాడా?" అన్నాడు. "నాను ఆడి కోసమే వచ్చినాను అమ్మీ. ఆడి కాడే అల్లరి సేసినాను."

సుమిత ఏడ్చింది. అతను ఏడవలేదు. లోపల కచేరీ ఇంకా గంటన్నర నడిచింది. వాళ్లు మళ్లీ వెళ్లలేదు.

ఆ వీడియో పదకొండు సెకన్లు. వారం తిరక్కుండా మిల్లు పక్క కాఫీ కొట్టు దాకా వచ్చింది. అక్కడివాళ్లు నవ్వుతున్నారని అతనికి వినపడలేదుగానీ కనపడింది. అప్పటినుంచి అక్కడికి వెళ్లడం మానేశాడు. ఇంట్లో ఎప్పుడూ బల్ల మీద వేళ్లతో వేసే తాళమూ మానేశాడు. నాగవల్లి అది గమనించి కూతురికి ఫోన్ చేసి చెప్పింది.

సుమిత సెలవు పెట్టి వచ్చి తెలుక్ ఇంటాన్‌లో డాక్టరుకు చూపించింది. పరీక్ష అయ్యాక డాక్టరు ఆ అమ్మాయితో మలాయ్‌లో చాలాసేపు మాట్లాడింది. సుగుమారన్ ఇద్దరి పెదవులూ చూస్తూ కూర్చున్నాడు. ఎడమ చెవి కూడా పోతోంది, ఆపడానికి మందు లేదు, ఏడాదో రెండేళ్లో. సుమిత అతని వైపు తిరిగి నవ్వు తెచ్చుకుని, "మంచిగా అవుతాది అంటున్నారు నాయినా," అంది.

"సరే అమ్మీ," అన్నాడు సుగుమారన్. నిజం అతను డాక్టరు పెదవుల మీద అప్పటికే చదివేశాడు.