రాతిపొడి పట్టిన డబ్బా

వికారాబాద్‌లోని మా శిక్షణ సెంటర్‌లో ఇప్పుడు రెండు కంపెనీల పీఎల్‌సీలు ఉన్నాయి. ఫ్యాక్టరీలో ఏ మోటారు ఎప్పుడు తిరగాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే డబ్బాలవి. మొదటిది గొప్ప కోసం కొన్నాను, రెండోది సిగ్గుతో కొన్నాను.

మొదట్లో కొత్తవాళ్లకు ఏ కంపెనీది నేర్పాలా అని నేను పెద్దగా ఆలోచించలేదు. జర్మనీది పెట్టాను. నిజానికి నాకు వచ్చింది అదొక్కటే. ఆ మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మొదటి వారమే ఒకమ్మాయి లేచి నిలబడింది. బొంరాస్‌పేట దగ్గర గొర్లు కాసుకునే వాళ్ల ఇంటి పిల్ల, రోజూ రెండు బస్సులు మారి వచ్చేది.

"సార్, తాండూర్ల బండల పాలిషింగ్ మిషన్లకు గిదే ఉంటదా? నాకు గాడనే నౌకరి కావాలె. ఇంటికి దగ్గర."

నాకు చుర్రుమంది. "ఒకటి వస్తే అన్నీ వచ్చినట్టే. ముందు ఇది నేర్చుకో" అన్నాను. క్లాసంతా నవ్వింది. తాండూరుకు రైల్లో గంట కూడా పట్టదు, ఒక్కసారి పోయి చూసి రావచ్చు. పోలేదు.

కోర్సు అయ్యాక తాండూరులో ఒక పాలిషింగ్ యూనిట్‌లో పని ఖాళీ ఉందని తెలిసి నేనే ఆమెను వెంట తీసుకెళ్లాను. నా శిష్యురాలని చెప్పుకోవాలని ఉబలాటం. యజమాని ప్యానెల్ తలుపు తీశాడు. లోపల రాతిపొడి పట్టిన జపాన్ డబ్బా!

"బండ మీద పడే నీళ్లు జర ముందుగాల్నే బందైతున్నయి బిడ్డా. రెండు సెకండ్లు పెంచు, సూస్త" అంటూ తన ల్యాప్‌టాప్ ఆమె ముందుకు జరిపాడు.

ఆమె తెరంతా వెతికింది. చెమట తుడుచుకుంది. చివరికి నా వైపు చూసింది. ఏది ఎక్కడుందో నాకూ తెలియదు. తప్పు నాదని అక్కడే ఒప్పుకోవాల్సింది. మోగని ఫోన్‌ను చెవికి పెట్టుకుని, "ఆఁ, చెప్పండి" అంటూ బయటికి నడిచాను.

రేకుల గోడ అవతల నిలబడితే అన్నీ వినపడుతున్నాయి.

"మీ సార్ గిది నేర్పలేదా?"

"నేర్పిండు సార్. నేనే మంచిగ నేర్వలే."

లోపలికి పది అడుగులు కూడా ఉండవు. ఆ పని పోతోందని తెలిసీ నేను కదల్లేదు. సిగ్గుతో చెవులు కాలిపోతున్నా ఫోన్ దించలేదు.

కాసేపటికి ఆమె సంచీ భుజానికి తగిలించుకుని వచ్చింది.

"ఫోన్ అయిపోయిందా సార్?" అని మాత్రం అడిగింది.

అయిపోయిందన్నాను.