గ్రేటర్ నోయిడాలో గోల్ చక్కర్ కచేరీకి, మళ్ళీ రజితతో

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఫైలు చూస్తుండగా రజిత నుంచి మెసేజ్ వచ్చింది. "ఆదివారం గోల్ చక్కర్ వాళ్ళు గ్రేటర్ నోయిడాల వాయిస్తున్నరట. పోదామా?" చదివి ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టేశాను. కాసేపాగి మళ్ళీ తీసి చదివాను. రెండేళ్ళుగా ఆ బ్యాండు పేరు ఆమె ముందు ఎత్తడమే మానేశాను. అలాంటిది ఇప్పుడు తనే అడుగుతోంది.

గోల్ చక్కర్ గురించి తెలియనివాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. ఇది ఢిల్లీ బ్యాండు, హిందీలో ఆ పేరుకు కూడలిలోని రౌండబౌట్ అని అర్థం. గిటారు, బాస్ గిటారు, డ్రమ్స్, కీబోర్డు, అంతే, నలుగురు మనుషులు. పాటల్లో మాటలు తక్కువ. ఒక చిన్న వరస ఎత్తుకుని, అప్పటికప్పుడు ఎటు తోస్తే అటు వెళ్ళిపోతారు. తిరిగి తిరిగి ఎప్పుడో మళ్ళీ ఆ వరస దగ్గరికే వస్తారు. ఒక్కో పాట అరగంట కూడా సాగుతుంది. నిన్న వాయించినట్టు ఇవాళ వాయించరు. అందుకే వీళ్ళ అభిమానులు ఒక్క కచేరీతో సరిపెట్టుకోలేరు, ఊరూరా వెంటపడతారు. నాది కాకినాడ, రజితది కరీంనగర్. సివిల్స్ కోచింగ్ కోసం వచ్చి ముఖర్జీ నగర్‌లో అమ్మాయిలిద్దరం ఒకే గదిలో అద్దెకుండేవాళ్ళం. ఎవరో పాసులిస్తే చదువు విసుగెత్తి ఈ బ్యాండు కచేరీకి వెళ్ళాం, అంతే, ఇద్దరం చిక్కుకుపోయాం. సివిల్స్ ఇద్దరికీ రాలేదు. నేను కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో చేరి, పెళ్ళయ్యాక ఇందిరాపురంలో స్థిరపడ్డాను. రజిత సాకేత్‌లో ఒక ఆఫీసులో అనువాదాలు చేస్తుంది. ఏ ఉద్యోగంలో ఉన్నా, ఎక్కడ ఉన్నా కచేరీలు మాత్రం వదల్లేదు. గుర్గావ్, జైపూర్, డెహ్రాడూన్, ఎక్కడ వాయిస్తే అక్కడికి, దూరమైతే రాత్రి బస్సెక్కి పోయేవాళ్ళం. గుర్గావ్‌లో ఒకసారి వాన మొదలై కరెంటు పోయింది. గిటార్లు మూగబోయాయి. డ్రమ్మర్ ఒక్కడే ఆపకుండా వాయించాడు. జనరేటర్ వచ్చేదాకా ఆ వరసను నోటితో పాడింది జనమే. మా చుట్టుపక్కల మొదట అందుకున్న గొంతు రజితది.

రెండేళ్ళ క్రితం ఆమెకు జ్వరం వచ్చింది. అది మెదడు పొరలకు పాకింది. ప్రాణం దక్కింది గానీ రెండు చెవులూ పోయాయి. తర్వాత ఆపరేషన్ చేసి ఒక చెవిలో పరికరం అమర్చారు. బయటి భాగం చెవి వెనక అయస్కాంతంతో అంటుకుని ఉంటుంది. మాటలు మెల్లగా అలవాటవుతాయనీ, సంగీతం మాత్రం మునుపటిలా వినబడకపోవచ్చనీ డాక్టరు ముందే చెప్పారు. నెలల తరబడి సాధన చేసి మాటలు పట్టుకుంది. ఒకరోజు మా ఇంట్లోనే ఫోన్‌లో పాత కచేరీ రికార్డింగు పెట్టుకుని, నిమిషం కాకముందే కట్టేసింది. "డబ్బాల రాళ్ళేసి ఊపినట్టున్నదే. ఇగ నన్ను కచేరీలకు పిలువకు" అన్నది. నేను పిలవలేదు. ఒక్కదాన్నే వెళ్ళబుద్ధి కాక నేనూ మానేశాను.

అందుకే ఆమె మెసేజ్‌కు నమ్మబుద్ధి కాలేదు. "నిజంగానా?" అని మాత్రం రాశాను. "నిజంగనే. ఎట్లుంటదో చూస్త. బాగలేకుంటే ఇంటికొస్తం. గంతే గద" అని జవాబు వచ్చింది. అంత తేలిగ్గా రాసింది గానీ, బాగా లేకపోతే ఆమె ముఖం ఎలా ఉంటుందో మా ఇంటి సోఫాలో ఒకసారి చూశాను. ఆదివారం దాకా నాకదే బెంగ.

కచేరీ సాయంత్రం నాలుగింటికి, ఒక యూనివర్సిటీ మైదానంలో. ప్రవేశం ఉచితం. పదకొండింటికి ఇంటి దగ్గర ఆటో ఎక్కి ఎలక్ట్రానిక్ సిటీ మెట్రో స్టేషన్‌లో దిగాను. అక్కడినుంచి బ్లూ లైన్‌లో నాలుగో స్టేషన్ సెక్టార్ 52. రజిత సాకేత్‌లో ఎల్లో లైన్ ఎక్కి, రాజీవ్ చౌక్‌లో మారి, గంటకు పైగా ప్రయాణం చేసి అక్కడికే వచ్చింది. ఢిల్లీ వైపు నుంచి వచ్చేవాళ్ళకు ఇదే మంచి దారి. సెక్టార్ 52 నుంచి సెక్టార్ 51కి ఐదారు నిమిషాలు నడిచి ఆక్వా లైన్ ఎక్కాలి. అది వేరే మెట్రో కాబట్టి టికెట్టు మళ్ళీ తీసుకోవాలి, మనిషికి యాభై లోపే అవుతుంది. ఆదివారం బోగీ సగం ఖాళీగా ఉంది. కిటికీ పక్కన ఎదురెదురుగా కూర్చున్నాం. ఎక్స్‌ప్రెస్‌వే పక్కనే సాగుతుంటే సగం కట్టి వదిలేసిన అపార్ట్‌మెంట్లు, ఆవపూల చేలు, మళ్ళీ అపార్ట్‌మెంట్లు. సద్దు లేని చోట రజితకు మాట బాగా అందుతుంది. "నీకు భయమైతున్నదా?" అని అడిగింది. కాదన్నాను. "నీ మొఖం చదువుడు నాకిప్పుడు మస్తు అలవాటైందే" అని నవ్వింది.

నాలెడ్జ్ పార్క్ టూలో దిగగానే ఈ-రిక్షాలు వరసగా ఉంటాయి. మేము మైదానం పేరు చెప్పేలోపే డ్రైవరు, "షో వాలే? బైఠియే దీదీ, ఆజ్ సబ్ వహీ జా రహే హై" అన్నాడు, ఇవాళ అందరూ అక్కడికేనట. మనిషికి ఇరవై. ముందు భోజనం చెయ్యాలని చెబితే హాస్టళ్ళ వీధిలో దింపాడు. అక్కడ తెలుగు విద్యార్థుల కోసం చీరాల ఆంటీ ఒకరు మెస్ నడుపుతున్నారు. ముద్దపప్పు, గోంగూర, చారు, గడ్డపెరుగు, నూట ఇరవైకి కడుపు నిండేదాకా. ఆంటీ మమ్మల్ని ఎగాదిగా చూసి, "పిల్లల్ని చూడ్డానికొచ్చారామ్మా?" అని అడిగారు. "కాదాంటీ, గోల్ చక్కర్ కచేరీకి" అన్నాను. "ఆ కుర్రాళ్ళందరూ ఎగబడేదానికా? మీరా?" అని ఆవిడ నోరు నొక్కుకున్నారు. రజిత కంచం ముందుకు జరిపి, "గందుకే ఇంకింత పప్పు ఏయుండ్రి ఆంటీ. మూడు గంటలు నిలబడాలె" అన్నది. ఆవిడ నవ్వుతూ నెయ్యి కూడా వేశారు.

మైదానానికి మూడింటికే చేరాం. రజిత నేరుగా వేదిక ముందుకు, ఎడమ పక్క కంచె దగ్గరికి నడిచింది. డ్రమ్మరూ బాస్ వాయించే ఆయనా పక్కనుంచి కనబడే చోటు అది. నాలుగు దాటాక మొదటి పాట ఎత్తుకున్నారు. నేను వేదిక వైపు చూడలేదు, ఆమెనే చూస్తున్నాను. కనుబొమలు ముడిపడ్డాయి. పెదవులు బిగుసుకున్నాయి. చుట్టూ పిల్లలు కేకలు వేస్తుంటే ఆ ముడి ఇంకా బిగిసింది. పాట సగంలో ఆమె చెవి వెనక చెయ్యి పెట్టి పరికరం తీసేసింది. జాగ్రత్తగా డబ్బీలో పెట్టి సంచిలో వేసుకుంది. అంటే ఇప్పుడు ఆమెకు ఏమీ వినబడదు. భుజం తట్టి, వెళ్దామా అన్నట్టు గేటు వైపు చూపించాను. తల అడ్డంగా ఊపి మళ్ళీ వేదిక వైపు తిరిగింది.

మూడో పాటగా 'యమునా పార్' మొదలైంది. ఇది వాళ్ళ పాటలన్నిటిలోకి పొడుగైనది, మా ఇద్దరికీ ఇష్టమైనది. గిటారాయన వరస వదిలి ఎక్కడికో వెళ్ళిపోయాడు. ఎండ వాలుతోంది. నేను అలవాటుగా కళ్ళు మూసుకున్నాను. ఎంతసేపయిందో, పక్కన పకపకా నవ్వు వినబడి ఉలిక్కిపడి చూశాను. రజిత! కంచె పట్టుకుని వంగి మరీ నవ్వుతోంది. ఏమైందని చేత్తో అడిగాను. వేలితో వేదికను చూపించింది. తనకే వినబడని గొంతుతో, కాస్త గట్టిగానే, "చూడు! బాసాయన ఎనకకు రమ్మని పిలుస్తున్నడు. గిటారాయన వస్తలేడు!" అన్నది.

అప్పుడు చూశాను. బాస్ వాయించే ఆయన గడ్డం ఎత్తి డ్రమ్మర్‌కు సైగ చేశాడు. డ్రమ్మర్ కర్ర పైకెత్తి సిద్ధమయ్యాడు. ఇద్దరూ గిటారాయన వైపు చూశారు. ఆయన మాత్రం నవ్వుతూ వీపు తిప్పేసి ఇంకో దారిన పడ్డాడు. డ్రమ్మర్ నాలుక కరుచుకుని కర్ర దించాడు. కీబోర్డు అమ్మాయి నెత్తి కొట్టుకుంది. ఇంతకాలం ఈ పాటలో ఇంత అల్లరి నడుస్తోందని నాకు తెలియనే తెలియదు. చివరికి గిటారాయన తిరిగి చూసి తలూపాడు. నలుగురూ ఒక్కసారిగా వరస మీదికి దూకారు. మైదానం మొత్తం ఎగిరింది. రజిత అందరితోపాటే, ఒక్క క్షణం కూడా వెనకబడకుండా ఎగిరింది. నేనే ఆలస్యంగా ఎగిరాను.

ఆరున్నరకు కచేరీ అయిపోయింది. జనం పలచబడ్డాక రజిత పరికరం పెట్టుకుంది. బాస్ వాయించిన ఆయన వేదిక అంచున కూర్చుని వైర్లు చుడుతున్నాడు. ఇన్నేళ్ళలో ఆ నలుగురిలో ఎవరితోనూ మేం మాట్లాడలేదు. రజిత కంచె దగ్గరికి వెళ్ళి హిందీలో, 'యమునా పార్'లో మీరు మూడుసార్లు పిలిచారు, ఆయన రాలేదు కదా, అన్నది. ఆయన చేతిలో వైరు ఆగిపోయింది. "అరే! ఆప్‌నే దేఖ్ లియా?" అని, అది మీరు కనిపెట్టేశారా అన్నట్టు నవ్వేశాడు. గిటారాయన వైపు వేలు చూపించి, "వో కభీ సున్‌తా హీ నహీ" అని ఫిర్యాదు చేశాడు. ఎప్పుడూ మా మాట వినడని అర్థం. రజిత చెవి వెనక చెయ్యి పెట్టి చూపించి, నేనూ వినను అన్నట్టు, "మై భీ నహీ సున్‌తీ" అన్నది.

ఆయనకు ముందు అర్థం కాలేదు. ఆ తర్వాత ముఖంలో నవ్వు మాయమైంది. ఏదో జాలిగా అనబోయాడు. కానీ రజిత నవ్వుతూనే ఉంది. అది చూసి, ఆ పాటలో ఇంకెక్కడెక్కడ ఏం చూశారని అడిగాడు. రజిత చెప్పింది. డ్రమ్మర్‌ను కూడా పిలిచాడు. పావుగంట సేపు ముగ్గురూ చేతులు తిప్పుకుంటూ మాట్లాడుకున్నారు. నేను సంచి పట్టుకుని పక్కన నిలబడ్డాను.

తిరుగు మెట్రోలో నేను ఆగలేక అడిగేశాను, పాట ఎలా అనిపించిందని. రజిత కిటికీలోంచి చూస్తూ ఆలోచించింది. "మునుపటి లెక్క గాదే. గది పోయింది, మళ్ళ రాదు. ఇంట్ల కూసోని మస్తు ఏడ్చిన దానికి. ఇయ్యాలది ఇంకోటి. దీనికి పేరేందో నాకు తెల్వదు, బాగున్నది మాత్రం" అన్నది. ఇంకేదైనా ఓదార్పు మాట చెప్పాలనుకుని మానుకున్నాను. పోయినదాన్ని పోయిందనే చెప్పి, ఉన్నదాన్ని ఉన్నంతమేర ఇష్టపడుతున్న మనిషికి ఓదార్పుతో పనేముంది? ఆమెకు పాత రోజులు తిరిగి తెచ్చివ్వాలని నేనూ లోపల ఆశపడ్డాను. పాత రోజులు రాలేదు. ఒక కొత్త ఆదివారం వచ్చింది. సెక్టార్ 52లో విడిపోతూ, వచ్చే నెల వాళ్ళు జైపూర్‌లో వాయిస్తున్నారట, టికెట్లు చూడమని చెప్పి వెళ్ళింది.

ఇలాంటి కచేరీకి వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా: గంట ముందే చేరుకోండి. అందరూ పెద్ద స్పీకర్లకు ఎదురుగా నడిమధ్య చోటు కోసం తోసుకుంటారు, అది వాళ్ళకు వదిలేయండి. డ్రమ్స్ ఉన్న పక్కన, వాయించేవాళ్ళ ముఖాలు ఒకరివైపు ఒకరు తిరిగినప్పుడు మీకూ కనబడే చోట, కంచెకు ఆనుకుని నిలబడండి.